మూడవ ఇల్లు

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు వచ్చిన తర్వాత మాన్వి చుట్టుప్రక్కల మనవాళ్ల క్యాంపులు వెలసినవి. వరి పండించారు, డాబాలు కట్టారు. సంబంధాలు మాత్రం నేటికీ కోస్తా వైపు చూస్తూనే ఉన్నారు. అట్లా వచ్చిన కోడలికి మెట్టినింట దెబ్బలు తగిలితే ఎక్కడికి పోవాలి? పుట్టిల్లు ఒక రాత్రి ప్రయాణం. ఠాణాలోనూ కోర్టులోనూ కన్నడం.

మేము రెండు భాషలూ వ్రాయగల గుమాస్తాలం గనుక ఇట్టివారి అర్జీలు మా చేతికి వస్తుంటవి. చట్టం మంచిదే. 2005 నాటి గృహహింస చట్టం 17వ సెక్షను ప్రకారం, ఇల్లు తన పేర లేకున్నా అందులో ఉండే హక్కు ఆమెకున్నది. వేరే వసతి చూపమనిగాని, అద్దె ఇమ్మనిగాని 19వ సెక్షను క్రింద మేజిస్ట్రేటు భర్తను ఆదేశించవచ్చును. మొదటి వాయిదా మొదలు 60 రోజులలో అర్జీ తేల్చ యత్నించాలని కూడా వ్రాశారు. 'సఖి' కేంద్రంలో ఉండనిచ్చేది మాత్రం ఐదు రోజులు. ఆ పైన ఆశ్రమాలున్నవి గాని, పిల్లవాడి బడీ తల్లి కుట్టుపనీ మాన్విలో ఉంటే ఆశ్రమానికి ఎట్లా పోతుంది?

అట్టి ఒక అమ్మాయికి మా ఇంటావిడ బ్యాంకులో డబ్బు వేయడం, తీయడం, కరెంటు బిల్లు చూడడం నేర్పింది. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు తోబుట్టువులే గదా, బస్సు బోర్డులు త్వరలోనే చదవసాగింది. ఇల్లు దొరకడమే గగనమైనది. నాలుగు వాటాలు చూశాము. నాలుగూ మనవాళ్లవే. ఒక పెద్దమనిషి "మగదిక్కు ఎవరండీ?" అన్నారు. "మగదిక్కు కొడితేనే గదా బాబాయిగారూ, బయటికొచ్చాను" అన్నదా పిల్ల. ఆయన మారు పలుకలేదు, ఇల్లూ ఇవ్వలేదు.

దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు తప్పిన స్త్రీలను పరీక్షలకు తయారుచేసి తమ కాళ్లపై నిలబెట్టారని మనం గర్వంగా చెప్పుకుంటాము. వాటా తాళంచెవి దగ్గరకు వచ్చేసరికి ఆ గర్వం ఏమవుతుందో!

చివరకు ఒక కన్నడపు ముసలమ్మ గది ఇచ్చింది. అద్దె ఏ తేదీకి ఇస్తావన్నదొక్కటే ఆమె అడిగిన ప్రశ్న. కరారు ఆ అమ్మాయి పేరనే వ్రాయించాము. ఆధార్‌లో అప్పటిదాకా పుట్టినింటి చిరునామానే ఉండెను. కరారు చూపి మార్పించుకున్నది. 2023 జూన్‌లో ఆడవారికి వచ్చిన ఉచిత బస్సు టిక్కెట్టు కూడా ఆ తర్వాతనే ఆమెకు దక్కింది.

ఇప్పుడు మరొక తల్లి, ఇద్దరు పిల్లలతో, బడులు తెరిచేలోగా గది వెదుకుతున్నది. అడ్వాన్సు మేము పోగుచేశాము. ఒక గది, కొళాయి, తలుపుకు లోపల గట్టి గడియ ఉంటే చాలును.