ఉప్పు మింగని నాచు

కొంకణ్ తీరంలో ఆటుపోట్ల ఉప్పునీరు ఎక్కి పాడైన పొలాలను ఖార్‌లాండ్ అంటారు. అక్కడ వరి వేయడమంటే ఏటా వానలతో జూదమాడటమే. ఇలాంటి నేలలకు నీలి ఆకుపచ్చ నాచు మంచి మందన్న ఆశ పాతదే. నాచు ఉప్పును పీల్చేస్తుంది, నేల బాగుపడుతుంది. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. ఉప్పునీటి నాచు బతుకుతున్నదే ఉప్పును ఒంట్లోకి రానివ్వకుండా!

ఆశకు ఆధారం లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఊసర (చౌడు) భూములను ఈ నాచుతో సాగులోకి తేవచ్చని వృక్షశాస్త్రవేత్త ఆర్.ఎన్. సింగ్ 1950లోనే 'నేచర్' పత్రికలో రాశారు. నాచు వల్ల నేలకు నత్రజని, సేంద్రియ పదార్థం సమకూరతాయి. ఇందులో వివాదం లేదు. తేలాల్సింది ఉప్పు సంగతే.

అది తేలేది కణం పొర దగ్గర. కణం లోపలివైపు రుణావేశం ఉంటుంది. సోడియంది ధనావేశం. కాబట్టి బయట ఉప్పు పెరిగితే సోడియం పిలవని పేరంటానికి వచ్చినట్టు లోపలికి చొరబడుతుంది. కాస్తయితే కణానికి అవసరమే. మితిమీరితే ఎంజైములు దెబ్బతింటాయి. అందుకే పొరలోని ప్రోటీన్లు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి నెడుతుంటాయి, చిల్లుపడ్డ పడవలోంచి నీళ్లు తోడినట్టు. ఈ పనికి కావలసిన శక్తి ఎండ నుంచి, శ్వాసక్రియ నుంచి వస్తుంది.

ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు శ్రీకుమార్ ఆప్టే, జోసెఫ్ థామస్ 1983లో రెండు రకాల నాచును పోల్చి చూశారు. ఉప్పునీటి రకమైన అనబీనా టొరులోసా లీటరుకు దాదాపు 9 గ్రాముల ఉప్పున్నా పెరిగి, నత్రజనిని స్థిరీకరించింది. మంచినీటి రకమైన అనబీనా ఎల్-31 మాత్రం 2 గ్రాములు దాటితే చేతులెత్తేసింది. సోడియంను బయటికి నెట్టడం రెండింటికీ తెలుసు. కానీ మంచినీటి రకం కణాల్లో చాలా ఎక్కువ సోడియం నిలిచిపోయింది. అంటే ఉప్పును తట్టుకోవడమంటే దాన్ని దాచుకోవడం కాదు, దూరం పెట్టడం.

మరి పొలంలో ఏమవుతుంది? ఆ ఇద్దరే 1997లో ప్రచురించిన అధ్యయనంలో జవాబుంది. ఓ మోస్తరు ఉప్పున్న ఖార్‌లాండ్ మట్టిలో టొరులోసా చక్కగా పెరిగింది, నత్రజనిని పెంచింది. కానీ నాచు చచ్చి కుళ్లాక, అది పట్టుకున్న సోడియం తిరిగి మట్టిలోకే చేరింది. ఉప్పును శాశ్వతంగా తొలగించడం దానివల్ల అయ్యే పని కాకపోవచ్చని వారు తేల్చారు.

కనుక రైతుకు నాచును ఎరువుగా ఇవ్వాలి, ఉప్పుకు విరుగుడుగా కాదు. ఉప్పు పోవాలంటే పోటును ఆపే కట్టలు కావాలి, నేలను కడిగే మంచినీరు కావాలి, ఆ నీరు బయటికి పోయే కాలువలు కావాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవి, ఒక్క రైతు వల్ల కానివి. చౌకైన మందు దొరికిందన్న మాట చెల్లుబాటైతే మొదట వాయిదా పడేది ఈ పనులే. నాచు తన కణంలోంచి ఉప్పును తోడుకుంటుంది. పొలంలోంచి తోడాల్సింది మాత్రం మనుషులే.