దిగే స్టేషను

రైలు స్టేషను కూడా ఒక వ్యాసానికి వస్తువేనా అని పాఠకులు అనుకోవచ్చు. కాని మనబోటి మధ్యతరగతి సంసారులకు స్టేషనుతో వున్న చుట్టరికం చిన్నది కాదు. అమ్మాయిని అత్తవారింటికి పంపేదీ, అబ్బాయిని హాస్టలుకు సాగనంపేదీ, అల్లుడికి యెదురువెళ్ళేదీ అక్కడే గదా!

మా వరంగల్లు స్టేషను యీమధ్య కొత్త ముస్తాబు చేసుకుంది. 1874లో వాడి నుంచి సికిందరాబాదు చేరిన నిజాం నాటి రైలుమార్గం, తర్వాత వరంగల్లు మీదుగా సాగి 1889లో బెజవాడను అందుకుంది. పక్కనే కాజీపేట పెద్ద జంక్షను కావడంతో మా స్టేషనుది చిన్నకోడలి హోదాయే. అటువంటిది, 2025 మే 22న ప్రధానమంత్రి ప్రారంభించిన 103 స్టేషన్లలో దీనికీ చోటు దక్కింది. మా రాష్ట్రంలో కరీంనగరు, బేగంపేట దీనికి తోడు. ముఖద్వారం కాకతీయుల తోరణాన్ని గుర్తుచేస్తుంది. లోపల లిఫ్టులూ, కదిలే మెట్లూ వచ్చాయి.

తోరణం చూసి నేను మురిసిపోయాను. మా అమ్మ మాత్రం దానివంక కన్నెత్తి చూడలేదు. ఆమె చూపంతా లిఫ్టు మీదనే.

అమ్మకు డెబ్బయి దాటాయి. మోకాళ్ళు సహకరించవు. మా చెల్లెలి వూరికి నాలుగు గంటల ప్రయాణం. అక్కడ బండి రెండో ప్లాటుఫారం మీద ఆగుతుంది. వీధిలో పడాలంటే వంతెన యెక్కి దిగాలి. కారులో అంతసేపు కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం ఆమెవల్ల కాదు. అందుచేత నాలుగేళ్ళుగా కూతురి గడప తొక్కలేదు. వచ్చే మాఘంలో మనమరాలికి వోణీల వేడుక. ఆ పిల్ల ఫోనులో రోజూ అమ్మమ్మను రమ్మంటోంది.

లిఫ్టులో ఒకసారి యెక్కి దిగి, అమ్మ నన్నడిగింది: "మనకాడ మంచిగనే అయింది బిడ్డా. మరి చెల్లె ఊళ్ళె గిట్లనే అయిందా?"

కాలేజీలో యెంత పాఠం చెప్పినా, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

యెక్కే స్టేషను ప్రయాణంలో సగమే. దిగేచోటు కూడా అనుకూలంగా వుంటేనే అది పూర్తవుతుంది. దేశంలో 7000కు పైగా స్టేషన్లున్నాయి. అమృత్ భారత్ పథకం కింద బాగుచేయడానికి యెంచినవి 1300 పైచిలుకు. అన్నిటికీ తోరణాలు కట్టమని యెవరూ అడగరు. అన్ని వూళ్ళకూ కాకతీయులూ వుండరు. కాని మోకాళ్ళనొప్పులు లేని వూరు మాత్రం యెక్కడా వుండదు.

అందుకే పెద్దలకు ఒక్క మనవి. మిగిలిన చిన్న స్టేషన్లలో గోడల రంగుల మాట తర్వాత చూడవచ్చు. ముందు ప్లాటుఫారం నుంచి వీధిదాకా ముసలివారు నడిచిపోగల వాలుదారి వేయించండి. లిఫ్టు పెడితే, అది రోజూ నడిచే యేర్పాటు కూడా చేయండి. తాళం వేసిన లిఫ్టుకూ, ఇనప బీరువాకూ తేడా యేముంది?