మెరుపులో ఎన్ని కణాలు?

పిల్లలూ, మీలో ఎందరు మిరపకల్లం చూశారు? మా గురజాల ప్రాంతంలో మాఘమాసం వచ్చిందంటే ఎటు చూసినా ఎర్రటి రాసులే. ఒక రాసిలో కాయలెన్నో చెప్పమంటే మీరేం చేస్తారు? ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చుంటే ఉగాది దాటిపోతుంది. నూరు కాయలు తూచి, దాన్నిబట్టి ఒక్క కాయ బరువు కట్టి, రాసి బరువును దానితో భాగిస్తే సరిపోతుంది.

వెలుగును కూడా ఇలాగే లెక్కపెట్టవచ్చు. వెలుగులోని శక్తి విడివిడి కణాలుగా ఉంటుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. వాటినే ఇప్పుడు ఫోటాన్లంటున్నాం. ఫోటాను తక్కెడకు అందదు. కాని ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతివేగంతో హెచ్చవేసి, ఆ వెలుగు తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక్క ఫోటాను శక్తి ఎంతో వస్తుంది.

తిరుపతికి దగ్గరలో గాదంకి అనే ఊరున్నది. అక్కడి పరిశోధనశాలలో 1998లో జపాను వారి సహకారంతో లైడార్ అనే యంత్రం పెట్టారు. అది రాత్రివేళ ఆకుపచ్చని లేజరు మెరుపులను సెకనుకు ఇరవై చొప్పున నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపేది. పైనుంచి తిరిగి వచ్చే వెలుగునుబట్టి అక్కడి ధూళినీ, పల్చని మబ్బులనూ, వేడిమినీ తెలుసుకునేవారు. సెకనును వందకోట్ల భాగాలు చేస్తే, ఒక్కొక్క మెరుపు ఉండేది అందులో ఏడు భాగాల సేపే! అంతసేపట్లో వెలుగు నడిచేది దాదాపు రెండు మీటర్లే. అంటే ప్రతి మెరుపూ నిలువెత్తు మనిషికన్న కాస్త పొడుగైన వెలుగుకడ్డీ అన్నమాట.

2004లో పదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పి, ఒక్క మెరుపులో ఎన్ని ఫోటాన్లుంటాయో నల్లబల్లమీద లెక్క కట్టాను. యంత్రం సగటు సామర్థ్యం 11 వాట్లని నా పుస్తకంలో ఉన్నది. ఒక జౌలు శక్తికి ఆ ఆకుపచ్చ ఫోటాన్లు దాదాపు 27 వేల కోట్ల కోట్లు. దాన్ని 11తో హెచ్చవేసి, "ఒక మెరుపుకు సుమారు మూడు లక్షల కోట్ల కోట్లు!" అని ఆర్భాటంగా రాశాను.

వెనక బల్లమీది ఒక అమ్మాయి లేచింది.

"మాస్టారూ, రోజంతా కోసిన కాయలను మీరు ఒక్క బుట్ట కాయలంటున్నారు," అన్నది.

పిల్లలు పకపకా నవ్వారు. నాకు కోపం వచ్చి, "కూర్చో!" అన్నాను. ఆ పిల్ల కూర్చున్నది.

రాత్రి అన్నం తింటూ ఉండగా ఆ మాట గుర్తుకొచ్చి, ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాటు అంటే సెకనుకు ఒక జౌలు. పదకొండు జౌళ్ళు సెకనులోని ఇరవై మెరుపులకూ కలిపి! ఒక్క మెరుపుకు అర జౌలుకన్న కొంచెమే ఎక్కువ. ఒక నిమ్మకాయను మీటరు ఎత్తు లేపటానికి దాదాపు అంత శక్తే కావాలి.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మిరపకోతలకు పోయిందన్నారు. (మా వైపు కోతలు ఎప్పుడు మొదలైనదీ హాజరుపట్టీ చూస్తే తెలిసిపోయేది.) నా మాటకు నొచ్చుకుని బడి మానేసిందేమోనని నాకు భయం పట్టుకున్నది. నల్లబల్లమీది ఆ లెక్కను తుడవనివ్వలేదు.

సోమవారం వచ్చింది. చేతులు మంటలు పుడుతున్నాయో ఏమో, అరచేతులు లంగాకు రాసుకుంటున్నది.

"మొన్న తప్పు చేసింది నేను. నువ్వు చెప్పిందే సరి. వచ్చి దిద్దు, అమ్మా," అని సుద్దముక్క ఇచ్చాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి ఇరవైతో భాగించి, "15 వేల కోట్ల కోట్లు" అని గుండ్రంగా రాసింది.

తరవాత తిరిగి చూసి, "మరి వాటిలో వెనక్కి ఎన్ని వస్తాయి, మాస్టారూ?" అని అడిగింది.

"యాభై కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒక సన్నటి గాలిపొరనుంచి మెరుపుకొక్క ఫోటాను కూడా దొరకదు. అందుకని ఒక నాలుగు నిమిషాలపాటు మెరుపులు పంపుతూ, దొరికినవి దొరికినట్టు కూడుకుంటారు," అన్నాను.

"అయితే ఎన్ని మెరుపులో చూస్తానుండండి," అంటూ ఆ అమ్మాయి మళ్ళీ సుద్దముక్క తీసుకుని, ఇరవయ్యిని రెండు వందల నలభైతో హెచ్చవేయసాగింది.