టోకియోనగరమున రెండుదినములు

మా యింటిలో నొక జపానుకత్తి కలదు. మా తాతగారు బర్మాయుద్ధకాలమున సైన్యపు వైద్యశాఖలో పనిచేసి, 1945వ సంవత్సరమున జపానుసైన్యము లొంగిపోయిన పిమ్మట దానిని వెంట దెచ్చిరి. అది యెవరిదో, తమకెట్లు లభించెనో వారెన్నడును వివరముగా జెప్పలేదు. పిల్లల మడిగినచో, "ఉండనిండు, అది యొక మనిషిది" అని మాట మార్చెడివారు. ఏటేట దసరాకు కుట్టుమిషను, కత్తిపీట, సైకిలు మొదలగువానితోపాటు దానికిని పసుపు కుంకుమలు పెట్టి, మఱునాడు తుడిచి, బీరువా పైకెక్కించుచుంటిమి.

నాలుగేండ్ల క్రిందట ఊరక దాని సంగతి తెలిసికొందమని మొదలిడి, పుస్తకములు చదివి చదివి, జపానుకత్తులనిన మేము పిచ్చివారమైతిమి. ఆడువారికి కత్తుల గొడవయేమని మా తమ్ముడు పరిహసించును. కూరగాయల కత్తి పదును నిత్యము చూచుకొనువారము మనమే కదా యని మా సమాధానము.

గత సంవత్సరము అమెరికాలో నున్న మా అమ్మాయి పురిటికి పోయి, తిరిగివచ్చునపుడు త్రోవలో టోకియోనందు రెండుదినము లాగుటకు నిశ్చయించుకొంటిమి. మా చెల్లెలు తోడుండెను. మొదట కొన్న టిక్కెట్ల ప్రకారము ఆదివారము సాయంకాలము దిగి మంగళవారము ఉదయము బయలుదేరవలెను. చూడబోయిన రెండు ప్రదర్శనశాలలును సోమవారము మూసియుంచుదురని అంతయు నైన పిదప తెలిసినది! టిక్కెట్లు మార్చుటకైన రుసుము మా వారికి నేటికిని చెప్పలేదు. సోమవారము జాతీయ సెలవుదినమైనచో ఆనాడు తెఱచి మఱునాడు మూయుట అచ్చటి వాడుక. కావున పోదలచిన సోదరీమణులు పంచాంగము చూచుకొన్నట్లు అచ్చటి సెలవులపట్టిక చూచుకొనవలెను.

మఱియొక జాగ్రత్త గలదు. ప్రఖ్యాతమైన కత్తులు సంవత్సరము పొడవున ప్రదర్శనమునందుండవు. కొన్ని వారములుంచి లోపల భద్రపఱచి, వేఱువానిని పెట్టుచుందురు. "మికజుకి మునెచిక" యను కత్తిని చూడవలెనని మాకు మిక్కిలి కోరికగా నుండెను. మికజుకి యనగా నెలవంక. దాదాపు వేయేండ్లనాడు క్యోటోలోని సంజో మునెచిక చేసిన కత్తి యది; వాదర వెంబడి నెలవంకలవంటి రేఖలుండుటచే నా పేరు వచ్చినది. జగత్తులో నుత్తమమైన అయిదు కత్తులని జపానువారు లెక్కించువానిలో నది యొకటి. మేము పోయిన వారమున అది లోపల నిద్రించుచున్నదని ముందుగనే తెలిసికొని, మనసును సమాధానపఱచుకొని పోయితిమి. చెల్లెలు మాత్రము, "ఇంతదూరము వచ్చి తిరుపతిలో స్వామి కనబడనట్లున్నది" అనెను.

మొదటిదినము ఉయెనో ఉద్యానవనములోని జాతీయ ప్రదర్శనశాలకు పోయితిమి. 1872లో స్థాపితమైన ఈ శాల జపానులో నన్నిటికంటె ప్రాచీనమైనది. ప్రధానభవనపు క్రిందియంతస్తులో పదుమూడవగది కత్తులది. గదిలో వెలుతురు తక్కువ. ప్రతి యలుగుమీదను సన్నని దీపకాంతి పడుచుండును. మొదటి పావుగంట మాకేమియు కనబడలేదు. మెఱయుచున్న యినుపబద్దలు, అంతే. అంతలో మా ప్రక్కనున్న యొక పడుచుపిల్ల మోకాళ్లు వంచి, మెల్లగా లేచి, మరల వంగి చూచుచుండెను. మేమును అట్లే చేసితిమి. పట్టుచీర జరీని మనము వెలుతురున నిటునటు త్రిప్పి చూతుము గదా. ఇచ్చట చీర కదలదు, మనమే కదలవలెను. అప్పుడు వాదర పొడవున తెల్లని పొగమంచువంటి తెర యొకటి లేచి కనబడినది. ఒక కత్తిపై నది తిన్నగాను, ఒకదానిపై అలలవలెను, మఱియొకదానిపై లవంగమొగ్గలు వరుసగా గ్రుచ్చినట్లును ఉండెను.

ఈ తెర చిత్రించినది కాదు. కమ్మరి కత్తిని సాగగొట్టిన పిమ్మట దానికి మట్టి పూయును. వెన్నున మందముగాను, వాదరవైపు పలుచగాను. పిదప ఎఱ్ఱగ కాల్చి నీటిలో ముంచును. పలుచని మట్టియున్న వాదర చటుక్కున చల్లారి మిక్కిలి గట్టిపడును. వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా నుండును. ఈ రెంటి సరిహద్దే ఆ తెల్లని తెర. కత్తికిగల సొగసైన వంపును చాలవఱకు ఆ నీటిలోనే యేర్పడును. ఆ క్షణముననే వాదర పగిలి, నెలల శ్రమ వ్యర్థమగుటయు గలదు.

ఉక్కు సైతము విశేషమైనదే. ఇనుపయిసుకను, బొగ్గును మట్టికొలిమిలో మూడుదినములు రేయింబవళ్లు కాల్చి తీయుదురు. షిమానే ప్రాంతములోని ఒకుయిజుమోలో ఈ కొలిమిని 1977లో తిరిగి వెలిగించిరి. నేటికిని ప్రతి శీతకాలమున నడచుచున్నది. ఆ యుక్కును మడిచి కొట్టి, మరల మడిచి కొట్టి, వేలకొలది పొరలు చేయుదురు. ఇది చదువునపుడు మాకు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము జ్ఞప్తికి వచ్చినది. మన కమ్మరులు మూసలలో కరగించి చేసిన యుక్కును కొనుటకు పూర్వము పారశీకవర్తకులు ఆ గ్రామమునకే వచ్చుచుండిరి. మనదానిలో చారలు ఉక్కు గడ్డకట్టునపుడే లోపల నేర్పడును; జపానుకత్తిలో మడతలవలనను, మట్టిపూతవలనను వచ్చును. రెండును కొలిమివిద్యలే. ఒకటి నిలిచినది, ఒకటి పోయినది. ఆ గదిలో నిలుచుండి ఈ మాట తలచుకొన్నపుడు మాకు కొంత కష్టముగానే యుండెను.

ఆ గదిలో సగముమందికి పైగా పడుచుపిల్లలే! 2015లో కత్తులను అందమైన యువకులనుగా చిత్రించిన యొక ఆట వచ్చినదనియు, నాటినుండి ఆడుపిల్లలు గుంపులుగా కత్తులు చూడవచ్చుచున్నారనియు తెలిసినది. మా తమ్మునికి చెప్పవలెనని వెంటనే యనుకొంటిమి.

సాయంకాలము దాపుననే యున్న కప్పాబాషి యను వంటసామగ్రి వీథికి పోయి యొక కూరగాయలకత్తి కొంటిమి. 1876లో ప్రభుత్వము కత్తి ధరించుట నిషేధింపగా పనిలేని కత్తికమ్మరులనేకులు వంటకత్తులకు దిగిరి. ఇంటికి వచ్చినపిదప దానితో బెండకాయలు తరిగి చూచితిమి. అయినను కత్తిపీటకే మా యోటు.

రెండవదినము రియోగోకుకు పోయితిమి. ఉయెనోనుండి రైలులో అకిహబారాకు పోయి, అచ్చట వేఱురైలెక్కిన రెండవ స్టేషను. మల్లయుద్ధశాల కావలనున్న పాతతోటలో కత్తుల ప్రదర్శనశాల కలదు. 2018లో ఇచ్చటికి మారినది. దీనిని నడపు సంఘము 1948లో పుట్టినది. యుద్ధానంతరము అమెరికాసైన్యము కత్తులన్నిటిని అప్పగింపుమని యాజ్ఞాపించగా, వంశపారంపర్యమైనవి సైతము కుప్పలుగా పోసి యనేకము నాశనము చేసిరి. హొమ్మా జుంజి మొదలైన పండితులు, ఇవి యాయుధములు కావు, కళాఖండములని వాదించి కొన్నింటిని దక్కించిరి. టోకియోలోని అకబానె గిడ్డంగినుండి అట్లు బయటపడినవే సుమారు 5500.

ఇచ్చట పిడి తీసివేసిన యలుగులనే పెట్టుదురు. పిడిలో దాగియుండు తోకభాగముమీదనే కమ్మరి తన పేరు చెక్కును. ఆ తోకకు పట్టిన నల్లని త్రుప్పును ఎవరును ముట్టరు. త్రుప్పు రంగును బట్టియే కత్తి వయసు నిర్ణయింతురు. ఇది తెలియని మేమేమి చేసితిమో చెప్పుటకు సిగ్గగుచున్నది. ప్రయాణమునకు ముందు ఫొటోలు తీయుటకై వెదురుచీల యూడదీసి, పిడి తొలగించి, నల్లగా నున్న ఆ తోకను చింతపండుతోను, బూడిదతోను ఇత్తడిబిందెవలె తళతళలాడునట్లు తోమితిమి!

మధ్యాహ్నము ముందుగా వ్రాసి యనుమతి పొందిన యొక కత్తులవర్తకుని దుకాణమునకు పోయితిమి. వృద్ధుడు. మొదట ఒక కత్తిని మా చేతికిచ్చుచు, అలుగును వ్రేళ్లతో తాకరాదనియు, దానిమీద మాటలాడరాదనియు, ఊపిరితడి చాలును త్రుప్పు పట్టుటకనియు దుబాసీచే చెప్పించెను. పిదప మా ఫొటోలు చూచి, "ఇది యింత తెల్లగా నేల యున్నది?" అని యడిగెను. చింతపండు సంగతి విని చాలసేపు నవ్వి, పిదప ఫొటోను పెద్దదిగా చేయించి, తోకపైనున్న చిన్న ముద్రను చూపెను. అది యుద్ధకాలమున సెకి పట్టణములో సైన్యముకొఱకు చేసిన కత్తుల ముద్ర. పాతపద్ధతిని చేసినది కాదు, కళాఖండముగా లెక్కకురాదు. అట్టిదానికి జపానులో రిజిస్ట్రీ లేదు గనుక దేశములోనికి తేనీయరట. తిరిగి యిచ్చివేయవలెనని మేము మనసులో పెట్టుకొన్న యాలోచన అంతటితో ఆగిపోయినది.

లేచివచ్చుచుండగా చెల్లెలు కడపటి ఫొటో చూపుమనెను. ఒర పిడికి దారముతో కట్టియున్న చిన్న కొయ్యచీటి యది. దానిమీద సిరావ్రాత సగము చెఱగియున్నది. అదేదో సైన్యపు సంఖ్యయని మే మనుకొనుచుంటిమి. వృద్ధుడు అద్దము పెట్టి చూచెను. నవ్వు పోయినది. "ఇది ఒకరి పేరు. ఇది గ్రామము. కత్తి అప్పగించునపుడు, ఎన్నడైన తిరిగి చేరునను ఆశతో ఇట్లు కట్టెడివారు" అని మెల్లగా చెప్పెను. ఆ పేరును, ఊరును ఇచ్చట వ్రాయము. ఆయన కాగితముమీద శుభ్రముగా తిరిగి వ్రాసి, రెండుచేతులతో మాకిచ్చెను. దుకాణములో మఱేమియు కొనలేదని ఆయన చిన్నబుచ్చుకొనలేదు.

ఇంటికి వచ్చి చెప్పగా తమ్మునికిని మాకును పెద్దవాదమైనది. కత్తి తాతగారి గురుతు, చీటియు దానిలో భాగమే, తెంపరాదని యతని మాట. కత్తి మనయొద్ద నుండుగాక, పేరు మాత్రము వారిది గదా యని మా మాట. అమ్మ రెండుదినములు విని, మూడవనాడు కత్తెర తెచ్చి తానే దారము కత్తిరించినది.

ఆ యూరి గ్రామకచ్చేరికి చీటి ఫొటోను, జపానుభాషలో వ్రాయించిన యుత్తరమును పంపితిమి. మూడునెలలైనది, ఇంకను జవాబు రాలేదు. చీటిని అమ్మ దేవునిగదిలో తాతగారి పటము క్రింద పెట్టినది. ఈ దసరాకు కత్తికి కుంకుమ పెట్టలేదు. మెత్తని గుడ్డతో తుడిచి, వృద్ధుడు చెప్పినట్లు లవంగతైలము కలిపిన నూనె పలుచగా పూసి, ఒరలో పెట్టితిమి.