చైతన్యపురిలో చేతిపని

భాగ్యనగరమునకు తూర్పుగా, మూసీనదికి దక్షిణపుటొడ్డున చైతన్యపురి యను పేట కలదు. అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు గల మెట్రోరైలు మార్గము 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన ప్రారంభమైనది. ఆ మార్గమున దిల్‌సుఖ్‌నగర్ దాటగానే వచ్చు స్టేషను చైతన్యపురి. రైలులో గూర్చుండి క్రిందికి జూచినచో ఒకదానినొకటి యొరసికొను మేడలును, వానిపై నల్లని నీళ్లతొట్లును, పరీక్షలకు బాలబాలికలను సిద్ధపరచు విద్యాలయముల ప్రకటన పలకలును కన్నులనిండ కనబడును.

చూచువారి కిది నిన్నమొన్న వెలసిన పేటవలె తోచును గాని, యీ నేల మిగుల ప్రాచీనమైనది. మూసీ యొడ్డున కోసగుండ్ల నరసింహస్వామి యాలయముకడ నొక గుండుపై ప్రాకృతభాషలో బ్రాహ్మీలిపితో చెక్కిన శాసన మున్నది. అది విష్ణుకుండినుల కాలపుదని పండితుల నిర్ణయము. గోవిందరాజ విహారమను బౌద్ధవిహార మొకటి యందు పేర్కొనబడినది. ఉలి పట్టిన చేతులు పదునైదు శతాబ్దములకు పూర్వమే యిచట పనిచేసిన వన్నమాట.

మేము చెప్పదలచినది నేటి చేతులను గూర్చి. కృష్ణానది నీరు 2004వ సంవత్సరము నుండి నగరమునకు వచ్చుచున్నది. నాగార్జునసాగర ప్రాంతమునుండి నూరు కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో పయనించి, యంత్రములచే మెట్టలపై కెత్తబడి, అది యీ తూర్పు పేటల వైపునకే ముందుగా చేరును. ఇంత శ్రమపడి వచ్చిన నీరు, మేడమీది తొట్టి నిండినపిదప మోటారు నాపువారు లేక కాలువపాలగుట యెల్ల యిండ్లలోను చూచుచున్నదే.

మేము దిగిన బంధువుల యింట అత్తగారు, కోడలు, తొమ్మిదవ తరగతి చదువు మనుమరాలు నున్నారు. తొట్టి నిండినదో లేదో చూచుటకు అత్తగారు మూడంతస్తుల మెట్లెక్కుచుండెడివారు. ఒక వానకాలమున తడిమెట్టుపై కాలుజారి, నెలదినములు మంచము పట్టిరి. అప్పుడు మనుమరాలు, "నాయనమ్మా, ఇక నీవు మెట్లెక్కవలదు. నీళ్లే మనలను పిలుచునట్లు చేసెదను" అనెనట. తల్లి సమ్మతింపలేదు. "పరీక్షలు ముంచుకొని వచ్చుచుండగా కరెంటుతో నాటలా?" అని గద్దించెను. ఆ భయము నిందింపదగినది కాదు. మార్కులే జీవితమని వీథివీథినా పలకలు చాటుచున్న చోట నే తల్లికైనను నట్లే తోచును. అత్తగారు మాత్రము, "ఆ మాట నా మోకాలి నడిగి చెప్పవే అమ్మా" అని నవ్విరట. తుదకు రెండు నియమములపై అనుమతి దొరకినది: ఆదివారము సాయంకాలమే పని చేయవలెను; బ్యాటరీ దక్క గోడలోని కరెంటును ముట్టరాదు.

కావలసిన సామగ్రికై తల్లీకూతుండ్రు కోఠికి బోయిరి. చైతన్యపురినుండి రైలున ఆరవ స్టేషను, ఉస్మానియా మెడికల్ కాలేజి, కోఠియందే యున్నది. అచటి గుజరాతీగల్లీలో ఎలక్ట్రానిక్సు వస్తువుల యంగళ్లు వరుసగా గలవు. ఆవగింజల డబ్బాలవలె చిన్న చిన్న యరలలో సరుకు పెట్టి, లెక్కించి యిత్తురు. రెసిస్టరు అనునది వడ్లగింజకంటె కొంచెము పెద్దది. విద్యుత్తు వడిని తగ్గించును. దాని విలువ ఒంటిపై గల రంగుపట్టెలచే తెలియును. పసుపు, ఊదా, గోధుమరంగు పట్టెలు వరుసగా నున్నచో 470 ఓములు. గాజుల రంగులు జత కూర్చుట నేర్చిన చేతికి ఈ విద్య యెంతలో వచ్చును!

మొదటి పాఠము దీపము. 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓముల రెసిస్టరు, ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపము వరుసగా కలుపవలెను. దీపము సుమారు 2 వోల్టులు గ్రహించును; మిగిలిన 7 వోల్టులు రెసిస్టరుపై నిలుచును; 15 మిల్లీయాంపియరుల ప్రవాహము సాగును. రెసిస్టరు లేనిచో దీపము మాడిపోవును. వీనిని బ్రెడ్‌బోర్డుపై గ్రుచ్చి కలుపుదురు. పూర్వము పాశ్చాత్యులు వంటయింటి రొట్టెకోయు పలకపై రేడియో భాగములను బిగించుటచే దాని కా పేరు వచ్చినది.

రెండవది నీటి గంట. దానికి బి.సి.547 అను మూడుకాళ్ల ట్రాన్సిస్టరు కావలెను. చదునుప్రక్క మనవైపునకును, కాళ్లు క్రిందికిని పెట్టినచో ఎడమనుండి కలెక్టరు, బేసు, ఎమిటరు అగును. ఎమిటరును బ్యాటరీ ఋణధ్రువమునకు, కలెక్టరును బజరు ఋణతీగకు, బజరు ధనతీగను బ్యాటరీ ధనధ్రువమునకు కలుపవలెను. ధనధ్రువమునుండి 1000 ఓముల రెసిస్టరు ద్వారా ఒక తీగయు, బేసునుండి మరియొక తీగయు తొట్టి యంచుదాక కొనిపోయి, కొనలను దగ్గరగా, తాకకుండ వ్రేలాడదీయవలెను. నీరు రెండు కొనలను తాకగానే స్వల్పప్రవాహము బేసున ప్రవేశించును. ఆ స్వల్పమే తలుపు తెరవగా కలెక్టరునుండి పెద్దప్రవాహము పారి బజరు మ్రోగును.

కొన్ని వారములకు రాగికొనలు పచ్చబడి గంట మూగవోయెను. నీటిలో విద్యుత్తు పారినపుడు లోహము తినబడునని పాఠ్యపుస్తకమున చదివిన మాట ఆ బాలికకు నాడు కంటబడినది. తుప్పుపట్టని స్టీలు మరలు బిగింపగా మరల మ్రోగినది. నేడు వంటయింటి కిటికీకడ గంట మ్రోగును. కోడలు మోటారు నాపును. అత్తగారు పీటమీదనుండి లేవరు.

ఇట్టి పని చేయించు తల్లులు కొన్ని జాగ్రత్తలు మరువరాదు. గోడలోని 230 వోల్టుల కరెంటు ప్రాణాంతకము. పిల్లల పనికి బ్యాటరీయే తగును. గుండీవంటి చిన్న బ్యాటరీలను పసివారు మ్రింగిన మహాపాయము కలుగును, వానిని దాచవలెను. టంకము వేయు తీగలో సీసముండుట కలదు గనుక గాలివచ్చు చోట, వంటకు దూరముగా, పెద్దల యెదుట చేసి చేతులు కడుగవలెను.

ఈ నగరమునకు ఎలక్ట్రానిక్సు క్రొత్తది కాదు. 1967వ సంవత్సరమున ఈ.సీ.ఐ.ఎల్. సంస్థ యిచట వెలసినది. దానిని తీర్చిదిద్దిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమగోదావరి యందలి మోగల్లున 1914లో జన్మించిరి. ఈశాన్యమున నున్న ఏ.ఎస్. రావు నగర్ వారి పేరు ధరించినది. అట్టి సంస్థలకు రేపు వలయు చేతులు నేడు మన యిండ్లలోనే పెరుగుచున్నవి.

సోదరీమణులారా! ఆడుపిల్లకు సూదిదారము నిచ్చుటకు మన మెన్నడును సంశయింపలేదు. ఆదివారపు సాయంకాల మొకటి, బ్యాటరీ యొకటి కూడ నిచ్చి చూడుడు. ఆ యింట నీరు నిలిచినది, ముసలితల్లి మోకాలు నిలిచినది. ఆ పిల్ల చదువునకు లోటేమియు రాలేదని తల్లియే మాతో చెప్పినది.