తలుపు వెయ్యండ్రా బాబూ!

మ్యాటినీ మంచి రసపట్టులో ఉంటుంది. ఎవరో ఆలస్యంగా వచ్చి తలుపు తీస్తారు. ఎండ లోపలికి జొరబడుతుంది. తెర మీద హీరోయిన్ ముఖం వెలవెలపోతుంది. వెంటనే ముందు వరసల్లోంచి కేక - "తలుపు వెయ్యండ్రా బాబూ!" ఆ కేక మీరూ వేసే ఉంటారు. నేనైతే లెక్కలేనన్నిసార్లు వేశాను. కానీ నా ఇంట్లో నేనే తలుపు బార్లా తీసుకుని కూర్చున్నానని ఆ మధ్య దాకా తెలీలేదు!

సంగతేమిటంటే, సినిమాల మీద నాలుగు మాటలు రాసి పొట్ట పోసుకునేవాణ్ణి. ఓ చిత్రాన్ని విడుదలకి ముందే చూడమని నిర్మాతలు లింకు పంపారు. ల్యాప్‌టాప్ ముందేసుకున్నాను. నిగనిగలాడే తెర. మధ్యాహ్నం రెండు గంటలు. వీపు వెనక కిటికీ, ఒంటి మీద తెల్లచొక్కా. కథలో కీలకమైన ఘట్టమంతా రాత్రివేళ లాంతరు వెలుగులో నడుస్తుంది. నాకు కనబడిందేమిటి? కిటికీ ఊచలూ, తెల్లచొక్కా, పైన మాసిన గడ్డంతో నా సొంత ముఖం! "ఛాయాగ్రహణం మసకగా ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అచ్చయిపోయింది.

తర్వాత ఓ స్నేహితుడు బలవంతాన హాలుకి లాక్కెళ్ళాడు. అదే చిత్రం. అబ్బ! ఆ లాంతరు వెలుగు తల్లి చెంప మీంచి జారి గోడ మీద నీడగా మారే తీరు చూసి గుండె గుభేలుమంది. కెమెరామాన్‌కి అది తొలి చిత్రం. నా ముఖం నేను చూసుకుని అతని పనికి మార్కులు వేశానన్నమాట! ఇంటర్వెల్లో టీ గొంతు దిగలేదు.

ఇందులో మర్మం చిన్నదే. పూత లేని గాజు తన మీద పడ్డ వెలుగులో నూటికి సుమారు 4 వంతులు వెనక్కి కొడుతుంది. నాలుగేగా అనకండి. పట్టపగటి కిటికీలో నాలుగు వంతుల ముందు రాత్రి సీను నిలవగలదా? పగటి సీన్లు, పాటలు ఎలాగో గట్టెక్కుతాయి. బలయ్యేవి చీకటి సీన్లే.

మందు కూడా చిన్నదే. కిటికీ వెనకా ముందూ కాకుండా పక్కకి వచ్చేలా బల్ల తిప్పాను. ముదురురంగు చొక్కా తొడుక్కున్నాను. తెర చుట్టూ నల్ల అట్టతో గూడు కట్టాను. మెరుపు తగ్గించే పొర అంటించుకోవచ్చు గానీ, అది వెలుగుని చెదరగొట్టేటప్పుడు నలుపు కాస్త బూడిదవుతుంది, బొమ్మ పదును తగ్గుతుంది. రాతకోతలకి మేలే. సినిమాకి మాత్రం బల్ల తిప్పడమే మేలు.

అలా తిప్పాక 1957 నాటి 'మాయాబజార్' పెట్టుకున్నాను. మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల్లో ఈసారి నా ముఖం లేదు. వెన్నెలే ఉంది.

సంపాదకుణ్ణి బతిమాలి నాలుగు వరసలు వేయించాను - తప్పు కెమెరాది కాదు, నాదీ అని. ఆ కుర్రాడు చదివాడో లేదో!

అందుకే మిత్రులారా, ఇంట్లో సినిమా చూసి "ఫోటోగ్రఫీ బాలేదు" అనబోయే ముందు ఒక్కసారి వెనక్కి తిరగండి. తలుపు తీసుందేమో!