గో-లైవ్ తర్వాత...

పోయిన నెల విజయవాడలో రైలు మూడు గంటలు లేటు. ఏం చేయాలో తోచక బందరు రోడ్డులోని బాపు మ్యూజియంకి వెళ్ళా. అదే ఊళ్ళో నాలుగేళ్ళు ఇంజినీరింగు వెలగబెట్టినవాణ్ణి, లోపలికి వెళ్ళడం ఇదే మొదటిసారి! నవ్వకండి. మీ ఊరి మ్యూజియంకి మీరెన్నిసార్లు వెళ్ళారో చెప్పండి చూద్దాం.

విక్టోరియా రాణి యాభయ్యేళ్ళ పాలనకి గుర్తుగా 1887లో పునాదిరాయి వేసిన భవనం అది. 1921లో ఇక్కడే పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా చూపించారంటారు. బాగుచేసి, కొత్త పేరుతో 2020లో మళ్ళీ తెరిచారు. లోపల అల్లూరు నుంచి వచ్చిన సున్నపురాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. రాయి కాబట్టి ఇన్ని వందల ఏళ్ళు బతికాడు అనుకున్నా. అనుకోగానే మా తాతయ్య తాటాకులు గుర్తొచ్చాయి.

2016 కృష్ణా పుష్కరాలప్పుడు నేను సెకండియర్. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు, సగం చెదలు తినేశాయి, పారేస్తే పాపం అని మొత్తం కట్టలన్నీ నదిలో కలిపేశాం. కలిపింది నేనే. వాటిల్లో వైద్యముందో, జాతకాలున్నాయో, ఊరి లెక్కలున్నాయో ఇప్పుడెవరికీ తెలీదు. దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె రాసి దాచుకుంటే ఇంకొన్ని తరాలు ఉండేవట. బ్యాకప్ తీయకుండా డిలీట్ కొట్టినట్టు... ఛ!

మన ఫీల్డులో వాళ్ళకి ఇది వేరే చెప్పాలా? గో-లైవ్ రోజు కేకు కోస్తారు, మేనేజరు మెయిల్ పెడతాడు. ఆ తర్వాత సపోర్టుకి రమ్మంటే ఒక్కడూ రాడు. మ్యూజియం కూడా అంతే. రిబ్బన్ కత్తిరించేశాక కప్పు కారకుండా చూడాలి, చెమ్మ కొలవాలి, ఉన్న ప్రతి వస్తువునీ జాబితాకెక్కించాలి. గుడికి సిమెంటు ఆర్చి కట్టించి పేరు చెక్కించుకునే మనం, వాటర్‌ప్రూఫింగుకి డబ్బులివ్వమంటే ఇస్తామా? పేరు ఎక్కడ చెక్కుతారు మరి!

మా పెదనాన్న దగ్గర ఇంకా రెండు కట్టలున్నాయని మొన్నే తెలిసింది. ఫోన్ చేస్తే, "2028లో పుష్కరాలొస్తాయిగా నాన్నా, అప్పుడు కలిపేద్దాంలే" అన్నాడు.

ఈ శనివారం కెమెరా పట్టుకుని ఊరెళ్తున్నా.